రక్తమార్గములను చూపిన వైద్యుడు: ఎగాస్ మోనిజ్

పంటకాలువ గట్టుపై నిలిచినవానికి నీరు ఎచటనుండి వచ్చుచున్నదో, ఎచటికి పోవుచున్నదో కన్నులకు కనబడుచుండును. పెద్దకాలువనుండి పిల్లకాలువలు చీలును. పిల్లకాలువలనుండి బోదెలు చీలును. ప్రతి మడికిని నీరందును. కాలువ పూడినచో దాని క్రింది పొలము ఎండిపోవును. గట్టు తెగినచో పొలము మునిగిపోవును. మన శరీరమునందును ఇట్టి యేర్పాటే కలదు. గుండెనుండి బయలుదేఱు పెద్దకాలువకు బృహద్ధమని యని పేరు. అది వక్షమును దాటి ఉదరములోనికి దిగి, కాలేయమునకును, ప్లీహమునకును, ప్రేవులకును, మూత్రపిండములకును శాఖలను పంపి, తుదకు రెండుగా చీలి కాళ్ళలోనికి పోవును. మఱికొన్ని శాఖలు మెడమీదుగా మెదడునకు ఎక్కును. ఈ కాలువలలో ఒకటి పూడినను, ఉబ్బి పగిలినను మనుష్యుని ప్రాణమునకే అపాయము. కాని యివి పొలములోని కాలువలవలె పైకి కనబడునవి కావు. చర్మముచేతను, మాంసముచేతను, ఎముకలచేతను కప్పబడి చీకటిలో ప్రవహించుచుండును.

క్రీ. శ. 1628లో ఇంగ్లండు దేశీయుడగు విలియం హార్వే రక్తము శరీరమంతట తిరిగి మరల గుండెను చేరుచున్నదని ఋజువు చేసెను. 1895లో జర్మనీ దేశమున రాంట్‌జెన్ పండితుడు ఎక్స్ కిరణములను కనుగొనెను. ఆ కిరణముల సహాయమున, బ్రదికియున్న మనుష్యుని యెముకలను చిత్రములో చూడగలుగుట సాధ్యమయ్యెను. లోకము ఆశ్చర్యపడెను. కాని రక్తనాళములు మాత్రము ఆ చిత్రములలో కానరాలేదు. ఎముకయందలి కాల్షియము కిరణములను అడ్డగించును. రక్తమును దాని చుట్టునున్న మాంసమును కిరణములకు ఇంచుమించు ఒక్కతీరుగనే దారినిచ్చును. 1896లోనే వియన్నా నగరమున ఇద్దఱు శాస్త్రజ్ఞులు శరీరమునుండి వేఱుచేసిన యొక చేతి నాళములలో కిరణములను అడ్డగించు పదార్థమును నింపి చిత్రము తీసిరి. నాళములు ఆకురాలిన చెట్టు కొమ్మలవలె స్పష్టముగా కనబడెను. కాని యది ప్రాణము లేని చేయి. అట్టి పదార్థమును బ్రదికియున్నవాని రక్తములో కలిపినచో ప్రాణమే పోవును. నాళము కనబడవలెను, రోగికి హాని కలుగరాదు. ఈ రెంటిని ఒక్కచోట కూర్చుట యెట్లు? 1923, 1924 సంవత్సరములలో కొందఱు వైద్యులు కాలుసేతుల నాళములయందు దీనిని కొంతవఱకు సాధించిరి. శరీరపు లోతులలోని నాళములు మాత్రము ఇంకను చీకటిలోనే యుండెను. ఆ చీకటిలో మొదటి దీపమును వెలిగించినవాడు పోర్చుగల్ దేశపు వైద్యుడగు ఎగాస్ మోనిజ్.

మోనిజ్ 1874 నవంబరు 29వ తేదీన పోర్చుగల్ ఉత్తరభాగమునందలి అవాంకా యను గ్రామమున జన్మించెను. ఆయన కుటుంబమువారు పాతకాలపు భూస్వాములు. బాల్యమున ఆయనకు చదువు చెప్పినవాడు బంధువగు నొక మతగురువు. పండ్రెండవ శతాబ్దిలో పోర్చుగల్ మొదటి రాజునకు సంరక్షకుడై యుండిన ఎగాస్ మోనిజ్ అను వీరుడు తమ వంశమునకు మూలపురుషుడని ఆ కుటుంబము విశ్వసించెడిది. అందుచే బాలునకు ఆ పేరు పెట్టబడెను.

ఆ వీరుని గూర్చి పోర్చుగల్ దేశమున ఒక కథ ప్రసిద్ధముగా కలదు. శత్రురాజు కోటను ముట్టడించినపుడు ఆయన తన ప్రభువు లొంగియుండునని మాట యిచ్చి ముట్టడిని ఎత్తివేయించెనట. తరువాత ప్రభువు ఆ మాటను పాటింపలేదు. అపుడా వృద్ధుడు భార్యాబిడ్డలతో శత్రురాజు ఆస్థానమునకు పోయి, మెడకు త్రాడు తగిలించుకొని నిలిచి, తప్పిన మాటకు తన ప్రాణమును తీసికొమ్మని వేడుకొనెనట. రాజు ఆతని సత్యసంధతకు మెచ్చి క్షమించి పంపెనట. తాను చేసిన పనికి తానే బాధ్యత వహింపవలెనని తెలుపు ఈ కథను బాలుడగు మోనిజ్ వినుచు పెరిగెను.

ఆయన కోయింబ్రా విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించి 1899లో పట్టము పొందెను. పిదప ఫ్రాన్సు దేశమునకు పోయి బోర్డో, పారిస్ నగరములలో నాడీసంబంధమైన వ్యాధులను గూర్చి గొప్ప గురువులకడ నేర్చుకొనెను. 1902లో కోయింబ్రాలో ఆచార్యుడయ్యెను. 1911లో లిస్బన్ విశ్వవిద్యాలయమున నాడీవైద్యశాఖ యేర్పడగా దానికి ఆచార్యుడై, 1940వ దశకము మధ్యవఱకు ఆ పదవియందు నిలిచెను. ఇరువది నాలుగవ యేటనే ఆయనకు గౌట్ అను కీళ్ళవాతము సంక్రమించెను. క్రమముగా చేతివ్రేళ్ళు వంకరలు పోయెను. శస్త్రమును పట్టుటకు ఆ చేతులు పనికిరాకుండెను. అయినను ఆయన ఉత్సాహము తగ్గలేదు.

వైద్యమొక్కటే ఆయన జీవితమును ఆక్రమింపలేదు. విద్యార్థిగా నుండగనే ప్రజాప్రభుత్వము రావలెనని కోరి, ప్రదర్శనలలో పాల్గొని కారాగారమునకు పోయెను. 1903లో శాసనసభలో ప్రవేశించెను. 1910లో పోర్చుగల్‌లో రాజరికము అంతరించెను. 1917లో మోనిజ్ స్పెయిన్ దేశమునకు రాయబారిగా పోయెను. 1918లో విదేశాంగమంత్రి యయ్యెను. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప పారిస్‌లో జరిగిన శాంతిసభకు తన దేశపు ప్రతినిధివర్గమునకు నాయకుడై వెళ్ళెను. కాని దేశమున కక్షలు పెచ్చుపెరుగుటచే ఆయనకు రాజకీయములపై విరక్తి కలిగెను. ఏబది యేండ్లు సమీపించుచున్న వయసున ఆయన మరల తన రోగులకడకు వచ్చెను.

ఆ కాలమున మెదడులో కంతి పెరిగిన రోగి స్థితి మిక్కిలి దయనీయముగా నుండెడిది. భరింపరాని తలనొప్పి, వాంతులు, క్రమముగా చూపు పోవుట - ఇవి వ్యాధి లక్షణములు. శస్త్రవైద్యుడు కపాలమును తెఱచి కంతిని తీసివేయగలడు. కాని యది మెదడులో ఏ వైపున, ఏ లోతున ఉన్నదో తెలిసినగదా తెఱచుట! ఊహించి తెఱచినచో కంతి మఱొకచోట నుండవచ్చును. అమెరికాలో డాండీ యను వైద్యుడు 1918లో మెదడులోని కుహరములలోనికి గాలిని ఎక్కించి చిత్రము తీయు పద్ధతిని కనిపెట్టెను. అది కొంత యుపకరించెను గాని రోగికి అతిబాధాకరముగా నుండెను. మోనిజ్ వేఱుగా ఆలోచించెను. మెదడంతట రక్తనాళములు అల్లుకొనియున్నవి. కంతి పెరిగినచోట అవి తమ స్థానమునుండి తప్పుకొనక తప్పదు. బండరాయి అడ్డుపడినపుడు వాగు దారి మార్చునుగదా! కావున నాళములను చూడగలిగినచో, వాని వంపును బట్టి కంతి యెచటనున్నదో చెప్పవచ్చును. ఇందులకు కావలసినది కిరణములను అడ్డగించు ద్రావణము.

1926లో ఆయన ఈ వెదకులాటను ప్రారంభించెను. సహాయకుడుగా పెద్రో అల్మేడా లీమా యను యువవైద్యుడు లభించెను. మోనిజ్ వ్రేళ్ళు వంగని కారణమున సూదిపట్టు పనియంతయు లీమాయే చేసెను. ఆలోచన మోనిజ్‌ది, చేతులు లీమావి. పరమాణువు ఎంత బరువైనదో ఆ పదార్థము సాధారణముగా కిరణములను అంతగా అడ్డగించును. బ్రోమిన్, అయొడిన్ అనునవి మాంసములోని ధాతువులకంటె చాల బరువైనవి. అందుచే వారు బ్రోమైడులను, అయొడైడులను నీటిలో వివిధ పాళ్ళలో కరగించి, గొట్టములలో పోసి, కపాలపు టెముక వెనుక నుంచి చిత్రములు తీసిరి. ఏ ద్రావణము స్పష్టముగా కనబడునో గుర్తించిరి. పిదప కుక్కలపై ప్రయోగించి ఏది సహింపదగినదో చూచిరి. శవముల నాళములలో ఎక్కించి, మెదడులోని ధమనులు ఆరోగ్యదశయందు ఏ రూపమున నుండునో చిత్రములు సేకరించిరి. మామూలు రూపము తెలియనిదే మార్పు తెలియదుగదా!

అనంతరము రోగులపై ప్రయోగింపవలసిన దినము వచ్చెను. మొదట వారు స్ట్రాన్షియం బ్రోమైడు ద్రావణమును ఎన్నుకొనిరి. మెడయందలి ధమనిలోనికి చర్మముమీదుగా సూదిని పంపి చూచిరి, ఫలితము కలుగలేదు. పిదప చర్మమును కోసి ధమనిని బయటికి తీసి ద్రావణమును ఎక్కించిరి. కొంత నీడ కనబడెను గాని యది స్పష్టముగా లేదు. ఇంతలో ఘోరమొకటి జరిగెను. ద్రావణము ఎక్కించిన రోగులలో ఒకడు ధమనిలో రక్తము గడ్డకట్టుటచే మరణించెను.

మోనిజ్ మనస్సు కలతపడెను. వ్యాధిని తెలిసికొనుటకై చేసిన పరీక్షయే రోగిని చంపెను. ఆయన ప్రయోగములను నిలిపివేసెను. ఏ ద్రావణమువలన ఆ హాని కలిగెనో దానిని మరల ముట్టలేదు. తిరిగి గొట్టములకడకును, కుక్కలకడకును పోయి, సోడియం అయొడైడును 100కి 25 పాళ్ళుగా కరగించి, దానివలన బాధ తక్కువయని నిశ్చయించుకొనెను. 1927 జూన్ 28వ తేదీన, మెదడు అడుగుభాగమున కంతి పెరిగిన యొక యువకునికి లీమా ఆ ద్రావణమును ఎక్కించెను. చిత్రపు పలకను కడిగి వెలుతురునకు ఎత్తి చూచిరి. కపాలములో మెదడు ధమనులు తీగలవలె స్పష్టముగా కనబడుచుండెను. కంతి యున్నచోట అవి ప్రక్కకు నెట్టబడియుండెను. బ్రదికియున్న మనుష్యుని మెదడు ధమనులు చిత్రములో అంత స్పష్టముగా కనబడుట అదియే ప్రథమము. అపుడు మోనిజ్ వయస్సు 52 సంవత్సరములు.

పది దినములలో ఆయన పారిస్ నగరమునకు పోయి నాడీవైద్యుల సభలో ఆ చిత్రములను చూపెను. గెలుపునుమాత్రమే చెప్పి యోటమిని మఱుగుపఱుపలేదు. మరణించిన రోగి వృత్తాంతమును గూడ తన నివేదికలో వ్రాసెను. తరువాతివారు అదే పొరపాటు చేయకుండుటకు అది తోడ్పడెను. ఈ పరీక్షకు ఆంజియోగ్రఫీ యని పేరు వచ్చెను. రక్తనాళచిత్రణమని దీనిని మనము చెప్పుకొనవచ్చును.

లిస్బన్‌లోని ఇతర వైద్యులకును ఈ విజయము దారి చూపెను. రేనాల్డో దోస్ సాంతోస్ అను శస్త్రవైద్యుడు మెదడునకు ఉపకరించిన ఉపాయము ఉదరమునకు ఏల ఉపకరింపరాదని యోచించెను. 1929లో ఆయన రోగిని బోరగిల పరుండబెట్టి, వెన్నెముక ప్రక్కగా పొడవైన సూదిని బృహద్ధమనిలోనికి పంపి, సోడియం అయొడైడును ఎక్కించెను. ఉదరములోని పెద్దకాలువయు, దాని శాఖలును మొదటిసారిగా చిత్రములో కనబడెను. మూత్రపిండపు ధమని సన్నబడినదా, కాలికి పోవు ధమని పూడినదా యను విషయములు శస్త్రచికిత్సకు పూర్వమే తెలిసికొనుటకు వీలు కలిగెను. రక్తము క్షణములలో పరుగెత్తునది; ఒక్క చిత్రముతో దాని గమనమంతయు తెలియదు. అందుచే వారి సహచరుడగు పెరీరా కాల్డాస్ వెంటవెంట పెక్కు చిత్రములు తీయు యంత్రమును నిర్మించెను. ఇట్లు చిన్నదేశమగు పోర్చుగల్ రాజధాని రక్తనాళచిత్రణమునకు పుట్టినిల్లయ్యెను. 1928లోను, 1933లోను మోనిజ్ పేరు నోబెల్ బహుమానమునకు ప్రతిపాదింపబడెను, కాని లభింపలేదు.

ఇంతవఱకు మోనిజ్ చరిత్ర ప్రశంసనీయమైనది. ఇకమీద నది చదువరిని ఆలోచింపజేయును. సోడియం అయొడైడు రోగికి మంట పుట్టించెడిది. ఒక్కొకప్పుడు మూర్ఛలు వచ్చెడివి. 1931 ప్రాంతమున థోరోట్రాస్ట్ అను క్రొత్త ద్రావణము దొరకెను. థోరియము అయొడిన్‌కంటె మిక్కిలి బరువైన ధాతువు. దానిని ఎక్కించినపుడు నొప్పి లేదు, మంట లేదు. చిత్రము అద్దములోవలె వచ్చెను. మోనిజ్ దానిని సంతోషముతో స్వీకరించెను. లోకమునందలి వైద్యులు పెక్కుమంది ఆయన ననుసరించిరి. కాని థోరియము కిరణములను తనంతట తానే వెలువరించు ధాతువు. ఎక్కించిన ద్రావణము శరీరమునుండి బయటికి పోలేదు. కాలేయములోను, ప్లీహములోను చేరి జీవితాంతము నిలిచిపోయెను. అట్టివారిలో పలువురికి ఇరువది ముప్పది సంవత్సరముల పిదప కాలేయమున క్యాన్సరు పుట్టెను. ఆనాడు నొప్పిలేనందున మంచిదనుకొన్న మందు మఱునాటికి విషమయ్యెను. 1950వ దశకమున చాల దేశములు దాని వాడుకను మానివైచినవి. ద్రావణము ఎక్కించునపుడు కలుగు బాధ యొక్కటియే కొలతబద్ద కాదనియు, అది శరీరమునుండి వెడలిపోవునో లేదో గూడ చూడవలెననియు వైద్యలోకము గొప్ప వెల యిచ్చి నేర్చుకొనెను.

మోనిజ్ చేసిన రెండవ సాహసము ఇంకను వివాదాస్పదమైనది. 1935లో లండన్ నగరమున జరిగిన నాడీవైద్యుల సభలో, మెదడు ముందుభాగమును తొలగించిన రెండు చింపాంజీలను గూర్చి అమెరికా శాస్త్రజ్ఞులు నివేదించిరి. ఆ కాలమున తీవ్రమైన మనోవ్యాధులకు సరియైన మందు లేదు. వేలకొలది రోగులు ఆసుపత్రులలో నిర్బంధములో మ్రగ్గుచుండిరి. మెదడు ముందుభాగమునకు పోవు తంతువులను త్రెంచినచో రోగి నెమ్మదించునని మోనిజ్ ఊహించెను. కొద్ది నెలలకే, నవంబరులో, లీమా చేత ఆ శస్త్రచికిత్సను చేయించెను. దానికి ల్యూకోటమీ యని పేరు పెట్టెను. మొదటి 20 మంది రోగులలో 7 గురు నయమైరనియు, 7 గురు మెఱుగుపడిరనియు, 6 గురిలో మార్పు లేదనియు 1936లో ప్రకటించెను. కాని ఆ రోగులను ఆయన పరిశీలించిన కాలము అత్యల్పము. నెమ్మదించిన పలువురు తమ చురుకుదనమును, ఇష్టానిష్టములను, వ్యక్తిత్వమును గూడ కోల్పోయిరని తరువాత తేలెను. రక్తనాళచిత్రణ విషయమున ఒక్క మరణముతో ఆగి వెనుకకు మరలి పరీక్షించిన ఆయన, ఈ విషయమున అట్టి యోపికను చూపలేదు.

ఆ చికిత్స అమెరికాలో లోబాటమీ యను పేర మిక్కిలి వ్యాపించెను. వేలకొలదిమందికి, కొన్నియెడల రోగి యంగీకారమే లేకుండ, అది చేయబడెను. దానికే 1949లో మోనిజ్‌కు నోబెల్ బహుమానము లభించెను. స్విట్జర్లాండ్ దేశీయుడగు వాల్టర్ హెస్ దానిని ఆయనతో పంచుకొనెను. కాని 1952 మొదలు మనోవ్యాధులకు మందులు దొరకుటచే ఆ శస్త్రచికిత్స క్రమముగా నశించెను. ఆ బహుమానమును రద్దు చేయవలెనని కోరినవారును కలరు. బహుమానము వచ్చిన పనిని లోకము వదలివేసెను. బహుమానము రాని పని నేటికిని ప్రతిదినము ప్రాణములను కాపాడుచున్నది. చరిత్ర యిచ్చు తీర్పులు ఇట్లుండును.

1939లో మనోవ్యాధిగ్రస్తుడగు నొక రోగి మోనిజ్‌ను ఆయన వైద్యశాలలోనే తుపాకితో కాల్చెను. తీవ్రముగా గాయపడియు ఆయన కోలుకొని మరల పనికి పూనుకొనెను. 1955 డిసెంబరు 13వ తేదీన, 81వ యేట, ఆయన లిస్బన్‌లో మరణించెను. అవాంకాయందలి ఆయన గృహము తరువాత ప్రదర్శనశాలగా మార్చబడెను.

ఆయన ప్రారంభించిన అన్వేషణ ఆయనతో ఆగలేదు. 1953లో స్వీడన్ దేశపు వైద్యుడగు సెల్డింగర్ సూదిద్వారా సన్నని తీగను, ఆ తీగమీదుగా మెత్తని గొట్టమును ధమనిలోనికి పంపు సులభోపాయమును తెలిపెను. దానితో తొడలోని ధమనిగుండ ఉదరములోని ఏ శాఖనైనను చేరుట సాధ్యమయ్యెను. అయినను ధమనిలోనికి గొట్టము పోవలసియే యుండెను. ఎక్స్ కిరణములును తప్పలేదు. ఈ రెండును లేని మార్గము అయస్కాంతమునుండి వచ్చెను. మన శరీరమున నీరు ఎక్కువ. నీటిలో హైడ్రోజన్ కలదు. బలమైన అయస్కాంతములో మనుష్యుని పరుండబెట్టి రేడియో తరంగములను పంపినచో, హైడ్రోజన్ పరమాణు కేంద్రకములు వానిని గ్రహించి మరల చిన్న సంకేతములను వెలువరించును. 1973లో పాల్ లాటర్‌బర్ ఆ సంకేతములనుండి చిత్రమును నిర్మింపవచ్చునని చూపెను. ఈ కృషికి ఆయనకును పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కును 2003లో నోబెల్ బహుమానము లభించెను. నేడు ఎం.ఆర్.ఐ. యని అందఱు చెప్పుకొనునది ఇదియే.

ఈ పద్ధతిలో గూడ నాళములు స్పష్టముగా మెఱయుటకు ఒక ద్రావణము కావలసివచ్చెను. గడోలినియము అను ధాతువు తన చుట్టునున్న హైడ్రోజన్ కేంద్రకములను త్వరగా పూర్వస్థితికి తెచ్చును. అందుచే అది కలిసిన రక్తము చిత్రములో వెలుగువలె కనబడును. ఒంటరిగా నున్న గడోలినియము విషము. కావున రసాయనజ్ఞులు దానిని వేఱొక అణువులో గట్టిగా బంధించి, మూత్రముద్వారా వెడలిపోవునట్లు చేసిరి. 1988నుండి అట్టి మందు వాడుకలోనికి వచ్చెను. ఉదరపు నాళములను చిత్రించుట మాత్రము కష్టముగనే యుండెను. ఏలయన, ఊపిరితో ఉదరము కదలును, చిత్రము చెదరును. 1993లో ప్రిన్స్ అను అమెరికా వైద్యుడును, ఆయన సహచరులును గడోలినియముతో ఉదరధమనులను మూడు కొలతలలో చిత్రించు పద్ధతిని ప్రకటించిరి. యంత్రముల వేగము పెరిగినకొలది, రోగి ఇంచుమించు 20 సెకనులు ఊపిరి బిగబట్టియుండగనే పని ముగియుట సాధ్యమయ్యెను. చేతిసిరలో ఎక్కించిన మందు గుండెను, ఊపిరితిత్తులను దాటి, మరల గుండెను చేరి, బృహద్ధమనిలోనికి వచ్చు క్షణమును కనిపెట్టి చిత్రము తీయుదురు. ధమని కోయనక్కఱలేదు, వీపునుండి సూది దిగనక్కఱలేదు. మూత్రపిండమునకు పోవు ధమని సన్నబడినను, బృహద్ధమని ఉబ్బినను, కాలేయపు సిరలో రక్తము గడ్డకట్టినను తెలియును. మోనిజ్ కాలమున మెడ కోసి సాధించినదానిని పోలిన ఫలితము నేడు చేతికి ఒక్క సూదితో లభించుచున్నది.

అయినను హెచ్చరిక ముగియలేదు. మూత్రపిండములు చెడిన రోగులలో గడోలినియము త్వరగా వెడలిపోక, కొందఱికి చర్మమును, లోపలి ధాతువులను బిగుసుకొనజేయు వ్యాధి కలుగుచున్నదని 2006లో వైద్యులు గుర్తించిరి. ఈ పర్యాయము లోకము ముప్పది సంవత్సరములు వేచియుండలేదు. మూత్రపిండముల శక్తిని ముందుగా విచారించుట, గడోలినియమును ఎక్కువ గట్టిగా బంధించిన మందులను ఎన్నుకొనుట, అవసరమైనంత మాత్రమే వాడుట ఆచారమయ్యెను. ఆ వ్యాధి మిక్కిలి అరుదయ్యెను. థోరోట్రాస్ట్ నేర్పిన పాఠము వ్యర్థము కాలేదు.

ఎగాస్ మోనిజ్ జీవితమున వెలుగును నీడయు రెండును కలవు. చీకటిలోని రక్తమార్గములను చూడవలెనను ఆయన కోరిక గొప్పది. వంకరపోయిన చేతులతో, ఏబది దాటిన వయసున, మఱొకని చేతులను తోడు చేసికొని దానిని సాధించిన పట్టుదల గొప్పది. ఒక రోగి మరణింపగా ఆగి, ఆ మరణమును దాచక చెప్పి, వేఱు ద్రావణమును వెదకిన ఆనాటి మోనిజ్, త్రాడు మెడకు తగిలించుకొని శత్రువు నెదుట నిలిచిన ఆ పూర్వవీరుని పేరునకు తగినవాడు. తొందరపడి ఫలితములను ప్రకటించిన తరువాతి మోనిజ్‌ను గూడ మనము మఱవరాదు. శాస్త్రజ్ఞునకు చూడగల కన్ను కావలెను. చూచుటకై తాను చేయు పనివలన ఎదుటివానికి ఏమి యగుచున్నదో కడవఱకు కనిపెట్టియుండు ఓర్పును కావలెను. మొదటిది లేనిచో విద్య ముందునకు సాగదు. రెండవది లేనిచో అది సాగిన త్రోవలో అమాయకులు నలిగిపోవుదురు.